బదులు పనికి వేసిన సున్నా

బ్యాంకులో క్యాషు కౌంటరు వెనక ఉద్యోగమంతా గడిపిన మనిషిని నేను. ఇల్లందులో కొన్నేళ్లు, ఖమ్మంలో మిగతా ఏళ్లు. ఖాతా ఆడమనిషిదైనా, ఆమె ఎదురుగా నిలబడి ఉన్నా, "ఎంత తీయాలి?" అని నేను అడిగేది పక్కనున్న మొగుణ్నో కొడుకునో. ఆమె వేలిముద్ర వేసేది. డబ్బు అతను లెక్కపెట్టుకునేవాడు. అది తప్పని ఎవరూ అనలేదు, నాకూ అనిపించలేదు. రిటైరై చండ్రుగొండ వైపు మా ఊరికి వచ్చి ఉన్నాక, చేతిలో పని లేక పాత రోజులు తిరగేసుకుంటుంటే ఆ ఆడవాళ్లు గుర్తుకు రావడం మొదలైంది. వాళ్ల ముఖాలు గుర్తులేవు. నేను సరిగ్గా చూసింది లేదు. ఇంకు ప్యాడు మీద ఆనించిన వేళ్లు మాత్రం గుర్తుకొచ్చేవి.

మా నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నారు. ఇప్పుడది మా తమ్ముడు చేస్తున్నాడు. మా ఊరు దాటి నాలుగైదు కిలోమీటర్లు పోతే పొలాలు అయిపోయి అడవి మొదలవుతుంది. ఆ అంచున ఒక గూడెం ఉంది. ఇళ్లలో కోయ మాట్లాడుకుంటారు, మాలాంటి వాళ్లతో తెలుగు. పోడు భూముల్లో పత్తి వేస్తారు, కాస్త వరి, ఎండాకాలం తునికాకు కోస్తారు. అక్కడి అంగన్‌వాడీ టీచరు ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు, "ఆడపిల్లలకు బ్యాంకు సంగతులు ఎవలన్న చెప్తే బాగుండు సార్, ఫోన్ల ఏదేదో నొక్కి ఆగమైతున్నరు" అంది. ఆదివారం మధ్యాహ్నాలు ఆమె గదిలో పాఠం చెప్పడానికి ఒప్పుకున్నాను. ఇంటర్ చదివేవాళ్లు, చదువు ఆపేసినవాళ్లు కలిసి పదిమందికి పైగా వచ్చేవాళ్లు. పిల్లలు తినే చిన్న బల్లల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చునేవాళ్లు.

మొదటి పాఠం ఏటీఎం కార్డు గురించి. పిన్ను ఎవరికీ చెప్పొద్దన్నాను.

"నాయనకు గూడ చెప్పొద్దా సార్?"

"చెప్పొద్దు."

"అన్నకు?"

"అన్నకు అసలే చెప్పొద్దు."

గదంతా నవ్వులు. వెనక బల్ల మీద కూర్చున్న పిల్ల చెయ్యెత్తింది. "మరి మీ పిన్ను అమ్మగారికి ఎరుకేనా సార్?"

నా భార్యకు నా పిన్ను తెలియదు. నా జీతం ఎంతో కూడా చాలా ఏళ్లు తెలియదు. "అది వేరే సంగతి" అన్నాను.

"అందరిది వేరే సంగతే సార్" అంది ఆ పిల్ల. మళ్లీ నవ్వులు.

ఇది ఆ పిల్ల గురించి రాస్తున్నది. అప్పటికి ఆమె ఇంటర్ పూర్తయింది. ఖమ్మంలో నర్సింగు కోర్సు చేయాలని కోరిక. తమ్ముడు పుట్టేటప్పుడు వాళ్లమ్మను దవాఖానాకు తీసుకుపోతే అక్కడ అందరూ తెలుగులో కసురుకున్నారట. ఒకే ఒక నర్సు కోయలో మాట్లాడిందట. ఆమె మాట్లాడగానే అమ్మ ఏడుపు ఆపిందని, అది చూసి తనకు నర్సు కావాలనిపించిందని చెప్పింది. ఇంట్లో అభ్యంతరం లేదు. తండ్రికి కాలు సరిగ్గా లేదు, బరువు పనులు చేయలేడు. తమ్ముడు ఇంకా చిన్నవాడు. ఆ ఇంట్లో పొలం పని చేసేది తల్లీ, ఈ పిల్లా. తల్లీ తండ్రీ పిల్లా ముగ్గురూ కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నారు. పత్తి మొదటి ఏరుడు డబ్బు విత్తనాలు, పురుగుమందుల దుకాణం బాకీకి. రెండో ఏరుడు డబ్బు పిల్ల చదువుకు. డిసెంబరు నెలాఖరులోగా కాలేజీలో మొదటి కంతు కడితే సీటు ఖాయమవుతుంది. ఆ ఏర్పాటు నాకు చెప్పినప్పుడు, ఇంత స్పష్టంగా ఆలోచించే కుటుంబానికి నేను నేర్పేదేముంటుందని అనిపించాల్సింది. నాకు మాత్రం, ఇంకాస్త గట్టిగా నేర్పాలనిపించింది.

వానాకాలంలో ఒక ఆదివారం, రాబడీ ఖర్చూ రాయడం చెప్పాను. బోర్డు మీద నిలువుగా గీత గీసి, ఒక పక్క "వచ్చింది", ఇంకో పక్క "పోయింది" అని రాశాను. పిల్లలందరినీ గడిచిన వారం గుర్తు చేసుకుని నింపమన్నాను. ఈ పిల్ల పలక పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది.

"సార్, బదులుకు పోయిన రోజు ఏ దిక్కు రాయాలె?"

బదులు పనంటే ఈ వైపు తెలిసినదే. ఇవాళ నేను నీ చేనుకు వచ్చి కలుపు తీస్తే, నా చేనుకు పని పడిన రోజు నువ్వు గానీ మీ ఇంటి మనిషి గానీ వస్తారు. డబ్బు చేతులు మారదు. మధ్యాహ్నం కూర మాత్రం చేను గలవాళ్లది. ఎవరు ఎవరింటికి ఎన్నిసార్లు వెళ్లారో రాసుకునే వాళ్లుండరు, మరచిపోయే వాళ్లూ ఉండరు.

"డబ్బు వచ్చిందా?" అని అడిగాను.

"రాలే సార్."

"ఖర్చయిందా?"

"కాలే."

"అయితే అది లెక్కలోకి రాదు." బోర్డు మీద రెండు పక్కలా సున్నా వేశాను. అక్కడితో ఆపినా బాగుండేది. మంచి ఉదాహరణ దొరికిందన్న ఉత్సాహంలో ఇంకా చెప్పాను. "మీ రోజు విలువ మీకు తెలియకపోవడం వల్లే ఇలా ఊరికే పోతోంది. అదే రోజు కూలికి వెళితే డబ్బు వస్తుంది, ఖాతాలో పడుతుంది, మీ పేరు మీద ఉంటుంది. పైసా రాని పని పని కాదు."

ఈ చివరి మాట నాదే. ఎక్కడో విని చెప్పింది కాదు.

ఆ పిల్ల పలక మీద రాసుకున్నదేదో చెరిపేసింది. పక్కనున్న పిల్ల, "గదే మా అమ్మకు చెప్తే నన్ను కొడతది" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

వాళ్లు నా మాట విన్నారు. నేను ఊహించనంత బాగా విన్నారు. ఆ నెలలోనే గూడెంలో అమ్మాయిలు నలుగురైదుగురు జట్టు కట్టి కూలికి రావడం మొదలుపెట్టారు. వాళ్లు వచ్చింది ఎక్కడికో కాదు, మా తమ్ముడి చేలకే. కూలీలు దొరకక ఏటా ఊళ్ల వెంట తిరిగే మనిషి వాడు. పొద్దున్నే ట్రాలీ ఆటో గూడెం దాకా పంపేవాడు. సాయంత్రం కూలి డబ్బు ఫోన్లలోకి వేసేవాడు. ఒక్క రూపాయి తగ్గించింది లేదు.

ఒకరోజు గట్టు మీద నిలబడి కాఫీ తాగుతూ, "నీ క్లాసు పుణ్యమాని నాకు తిరుగుడు తప్పింది అన్నయ్యా. ఇంకా రెండు గూడేల్లో కూడా చెప్పకూడదూ?" అన్నాడు. వాడు నవ్వుతూ అన్నాడు. నాకు సంతోషమే అయింది.

ఆ రాత్రి అన్నం పెడుతూ నా భార్య అంది. "మీరు చెప్పే పాఠం ఎవరికి కలిసొస్తోందో చూసుకున్నారా?"

"అందరికీ కలిసొస్తోంది. పిల్లలకు డబ్బు, వాడికి మనుషులు."

"సరే" అంది. ఆమె సరే అంటే ఒప్పుకున్నట్టు కాదని పెళ్లయిన ఇన్నేళ్లకు నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నట్టే తీసుకున్నాను.

ఆదివారాలు ఆ పిల్ల ఫోను తెచ్చి బ్యాంకు నుంచి వచ్చిన మెసేజీ చూపించేది. "చూడుండ్రి సార్, పెరిగింది." తన పేరు మీద, తన పిన్నుతో, తన కష్టం. మిగతా పిల్లలకు ఆమెను చూపించి మాట్లాడేవాణ్ని. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ మెసేజీలు చూసినప్పుడల్లా, బ్యాంకులో నేను ముఖం చూడని ఆడవాళ్లందరికీ ఏదో తీర్చేసుకుంటున్నట్టు ఉండేది. తప్పు దిద్దుకుంటున్నాననుకుంటున్న మనిషికి, అదే సమయంలో ఇంకో తప్పు చేస్తున్నాడని తోచదు. నాకు తోచలేదు.

ఆ పిల్ల ఇంటి పోడు పత్తి మొదటి కలుపుకు, పాత బదుళ్లు తీర్చుకోవడానికి గూడెం వాళ్లు వచ్చారు. ఆ తర్వాత ఈ పిల్ల ఎవరింటికీ పోలేదు. తల్లి ఒక్కతే ఎన్ని ఇళ్లకు పోగలదు? దీపావళి దాటాక కాయలు పగిలి చేను తెల్లబడేనాటికి, ఆ ఇంటికి రావాల్సినవాళ్లు ఎవరూ మిగల్లేదు. అప్పుడు మా తమ్ముడి చేలూ తెల్లబడి ఉన్నాయి. ఈ పిల్ల ఆటో ఎక్కడం మానేసి తల్లితో సొంత చేనులో ఏరడం మొదలుపెట్టింది. ఇద్దరూ పొద్దంతా ఏరినా చేనులో ఒక మూల కూడా పూర్తి కాలేదు.

ఆ ఆదివారం ఆమె క్లాసుకు రాలేదు. "చేనుకాడ ఉన్నది సార్" అని పిల్లలు చెప్పారు. సొంత పని చూసుకుంటోంది, మంచిదే అనుకుని వడ్డీ లెక్కలు చెప్పి వచ్చేశాను.

తర్వాత ముసురు పట్టింది. తుపాను ఎక్కడో తీరం దాటింది, ఇక్కడ రెండు రోజులు వాన వదల్లేదు. మా తమ్ముడి పత్తి అప్పటికే ఇంటికి చేరింది. షెడ్డులో టార్పాలిన్ల కింద పొడిగా ఉంది. ఆ గుట్ట పక్కన కుర్చీ వేసుకుని వాన చూస్తున్నాను. "వానకు ముందే తీయించేశాం, అదృష్టం" అన్నాడు తమ్ముడు. అప్పుడు నాకు ఆ పిల్ల చేను గుర్తొచ్చింది. అంతవరకు రాలేదు.

వాన వెలిశాక గూడెం వెళ్లాను. నేలంతా బురద, బండి బయటే ఆపి నడిచాను. వాళ్లింటి ముందు పట్టాల మీద తడిసిన పత్తి ఆరబెట్టి ఉంది. తెలుపు పోయి మట్టి రంగుకు తిరిగింది. చేలో మిగిలింది చెట్ల మీదే ముద్దలు ముద్దలుగా వేలాడుతోంది. తల్లి పత్తిలోంచి ఆకుముక్కలు ఏరి పారేస్తోంది. నన్ను చూసి లేచి మంచం వాల్చింది. పిల్ల నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"మనుషుల్ని పిలవలేకపోయారా?" అని అడిగాను.

"అమ్మ పోయి అడిగింది సార్. 'మీ పిల్ల పైసలకు పోతుంది గదా, మాక్కూడ పైసలియ్యి, వస్తం' అన్నరు."

"అంత మాట అన్నారా?"

"అన్నరు. తప్పేమున్నది సార్? పక్కింటి పెద్దమ్మ చేను కలుపుకు నేను రాను అన్న. 'ఇయ్యాల కూలికి పోవాలె' అన్న. ఆమె మరిచిపోతదా?"

"నీ ఖాతాలో డబ్బుతో కూలీల్ని పెట్టుకోవాల్సింది."

"తీస్త అన్న. అమ్మ వద్దన్నది, అయి ఫీజు పైసలు గదా అని. మళ్ల కూలోళ్లు గూడ ఎక్కడున్నరు సార్, అందరు ఆటోలు ఎక్కి పోయిండ్రు." ఆ ఆటో ఎవరిదో ఆమె అనలేదు.

తడిసిన పత్తికి వ్యాపారి చెప్పిన ధరతో మందుల దుకాణం బాకీ సగం కూడా తీరలేదట. దుకాణం అతను ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడట. తండ్రి తల దించుకుని కూర్చోవడం చూడలేక, ఈ పిల్ల బస్సెక్కి పోయి తన ఖాతాలోది మొత్తం తీసి ఇచ్చేసింది.

నేనేమీ అనకముందే తనే అంది. "పిన్ను ఎవలకు చెప్పలే సార్. నేనే పోయి తీసిన."

నా పాఠం తప్పకుండా పాటించానని చెబుతోంది. చేతిలో గ్లాసు ఖాళీ అయినా పట్టుకునే కూర్చున్నాను.

"ఫీజు నేను కడతాను" అన్నాను.

పిల్ల ఆ మాట తల్లికి కోయలో చెప్పింది. తల్లి ఆకుముక్కలు ఏరడం ఆపకుండానే ఏదో అడిగింది.

"ఎప్పుడు తీర్చాలె, ఎట్ల తీర్చాలె అంటుంది సార్."

"తీర్చక్కర్లేదు."

అదీ చెప్పింది. తల్లి ఈసారి తలెత్తి నన్ను చూసి క్లుప్తంగా ఒక మాట అంది.

"తీర్చొద్దన్నది మాకొద్దంట సార్."

"మరి నేనేం చెయ్యాలి?" అని అడిగాను. తప్పు చేసినవాడు నష్టపోయినవాళ్లనే దారి అడగడం ఎంత సిగ్గుమాలిన పనో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నిజంగానే తోచక అడిగాను.

పిల్ల చేను వైపు చూసింది. "పచ్చి కాయ ఇంక ఉన్నది సార్. రెండో ఏరుడు మంచిగనే వస్తది. దానికి మనుషులు గావాలె. వాళ్లు రావాలంటే ముందు మేం వాళ్లకాడికి పోవాలె. మేమిద్దరమే ఉన్నం." ఆగి, "మీరొస్తరా బదులుకు?" అని తనే నవ్వేసింది. నర్సమ్మ కావాల్సిన పిల్ల, సీటు చేజారిపోతున్న పిల్ల, నన్ను పత్తి చేలో ఊహించుకుని నవ్వింది.

"వస్తాను" అన్నాను.

"ఉత్తగనే అన్న సార్."

"నేను ఉత్తగనే అనలేదు."

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. వాళ్లకు తెలియకుండా కాలేజీకి వెళ్లి ఫీజు కట్టేస్తే ఎలా ఉంటుందని కూడా అడిగాను. "మళ్లీ వాళ్లని అడక్కుండానే చేస్తారా?" అంది. ఆ ఆలోచన అక్కడితో ఆగింది. "నేనూ వస్తాను పత్తికి" అంది వెంటనే.

"నీకు చేతవుతుందా?"

"పెళ్లికి ముందు మా ఊళ్లో నేనేం చేసేదాన్ననుకున్నారు?"

నేను ఎప్పుడూ అడగలేదు.

తమ్ముడితో కూడా మాట్లాడాను. పిల్లలు వాళ్ల చేలు అయ్యాకే నీ దగ్గరికి వస్తారని, నేను అలాగే చెబుతానని అన్నాను. వాడికి కోపం వచ్చింది. "నేనెవరి కూలైనా ఎగ్గొట్టానా అన్నయ్యా?" అన్నాడు. లేదన్నాను. "మరి నన్నెందుకు దోషిని చేస్తావు?" వాడు దోషి కాదు. వాడికి మనుషులు కావాలి, ఆ సంగతి అందరికీ చెప్పే అడిగాడు. నేను అదే పనిని పాఠమని చెప్పి చేశాను. ఈ తేడా వాడికి వివరించబోయి సరిగ్గా చెప్పలేకపోయాను. కొన్ని రోజులు వాడు మా ఇంటికి రాలేదు.

మంచు ఆరాక పత్తి చేలోకి దిగుతారు. నేనూ నా భార్యా మొదట వెళ్లింది పక్కింటి పెద్దమ్మ చేనుకే, ఆ పిల్ల ఇంటి తరఫున. పెద్దమ్మ అరవై దాటిన మనిషి. గూడెంలో ఏ రోజు ఎవరి చేను అన్నది ఆమె నోట్లోంచే వస్తుంది. నన్ను కింది నుంచి పైదాకా చూసి నడుముకు పాత చీర ముక్క కట్టింది, ఒడి కోసం. "పాయింటు మీద ఒడి కట్టుకున్న సారును నేనెన్నడు సూడలే" అంది.

పత్తి మెత్తగా ఉంటుంది గానీ కాయ మెత్తగా ఉండదు. ఎండిన రేకల కొనలు వేళ్ల చర్మం చీరతాయి. దూది మాత్రమే రావాలి, ఎండుటాకు అంటుకోకూడదు. నేను ఒక్కో కాయ దగ్గర ఆగి, ఆకుముక్క లేకుండా చూసి, జాగ్రత్తగా లాగుతున్నాను. వరసలో అందరూ నన్ను దాటి పోయారు.

పెద్దమ్మ వెనక్కి తిరిగి అరిచింది. "సారూ, గది పత్తి, నోట్లు గాదు! ఒక్కొక్కటి సూసి లెక్కవెట్టకు!"

"దొంగనోటు దొరుకుతదేమోనని సూస్తుండు పెద్దమ్మా" అంది ఈ పిల్ల.

"ఏలు ఎంగిలి చేసుకోకుండ్రి సారూ, మందు కొట్టిన చేను" అంది ఇంకొకామె. చేనంతా నవ్వులు. కౌంటరు అలవాటు కొద్దీ నేను నిజంగానే వేలు పెదవి దాకా తీసుకుపోయాను. గబుక్కున దించేశాను.

నా భార్య అప్పటికే వరస చివర ఉంది. రెండు చేతులతో రెండు కాయలు ఒకేసారి అందుకుంటోంది. వంగిన వీపు, వెనక్కి చూడకుండా పోతున్న నడక. నేను ఎరిగిన మనిషిలా లేదు. మధ్యాహ్నం చెట్టు కింద అన్నాలు తినేటప్పుడు ఆడవాళ్లు ఆమెను తమ మధ్య కూర్చోబెట్టుకున్నారు. నేను కొంచెం అవతల కూర్చుని చీరుకున్న వేళ్లతో అన్నం కలపలేక అవస్థ పడ్డాను. మంట పుడుతోంది. ఇంకు ప్యాడు మీద ఆనించిన వేళ్లు మళ్లీ గుర్తొచ్చాయి. కొందరికి ముద్ర సరిగ్గా పడకపోతే "గట్టిగా ఒత్తు" అని విసుక్కునేవాణ్ని.

పొద్దుగూకే వేళ ఒడులు దించాక పెద్దమ్మ మా ఇద్దరి పత్తీ చేత్తో ఎత్తి చూసింది. అందరి ముందే తీర్పు చెప్పింది. "అమ్మగారిది ఒక మనిషి. సారుది అర మనిషి."

ఆ పిల్ల తల్లి నవ్వింది. వాన తర్వాత ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

అర మనిషి అన్నది ఎగతాళి ఒక్కటే కాదు. అలాగే లెక్క కట్టారు. నేను రెండు రోజులు పోతే వాళ్లింటికి ఒక మనిషి ఒక రోజు వస్తాడు. అలా కొన్ని చేలకు పోయాం. ఆ పిల్ల, తల్లి, నా భార్య, సగం నేను. రెండో ఏరుడు నాటికి వాళ్ల చేలోకి గూడెం దిగింది. ఉదయం మొదలుపెట్టిన చేను సాయంత్రానికి అయిపోయింది. పెద్దమ్మ ఆ ఇంటి కూరలో కారం తక్కువైందని వంక పెట్టింది. అలా వంక పెట్టడంతో కోపం పోయినట్టని పిల్ల నాకు చెప్పింది.

కాలేజీ గడువు మాత్రం అప్పటికే దాటిపోయింది. పత్తి అమ్మిన డబ్బులో కొంత మిగిలిన బాకీకి పోయింది, కొంత మళ్లీ ఆమె ఖాతాలో పడింది. ఏం చేసినా ఆ ఏడాది తిరిగి రాదు. ఆమెతో చదివిన పిల్లలు ఖమ్మంలో తెల్ల యూనిఫాం వేసుకుని దిగిన ఫోటోలు ఫోనులో పంపిస్తుంటే ఈమె చూసి మూసేసేది. ఒకసారి ఉండబట్టలేక, నా వల్లే నీకు ఏడాది పోయిందన్నాను.

"నాకు గూడ పైసలే మంచిగనిపించినయి సార్. మీ ఒక్కల తప్పేం గాదు" అంది.

ఆమె మంచితనం కొద్దీ అంది. ఆమె వయసుకు పైసలు మంచిగా అనిపించడం తప్పు కాదు. బోర్డు ముందు సుద్దముక్క పట్టుకున్నది నేను.

ఆదివారం క్లాసులో అందరి ముందూ చెప్పాను, బదులు పని లెక్కలోకి రాదన్న మాట తప్పని. పెద్ద కదలికేమీ రాలేదు. "మా అమ్మ గప్పుడే తిట్టింది సార్ మిమ్మల్ని" అంది ఒక పిల్ల. "ఏమని?" "చెప్పను సార్." నవ్వులు. తర్వాత అసలు చర్చ వాళ్లలో వాళ్లకే మొదలైంది. ఒక అమ్మాయి, "మాకు చేనే లేదు. నేను బదులుకు పోతే నాకు తిరిగి వచ్చేదేంది? నాకు కూలే కావాలె" అంది. అదీ నిజమే. ఇంకో అమ్మాయి, వారంలో కొన్ని రోజులు అటు, కొన్ని రోజులు ఇటు పోవచ్చు కదా అంది. కలుపు ముదిరినప్పుడు అట్ల కుదరదని మరొకరు. ఏ ఇంట్లో ఎన్ని చేతులున్నాయి, ఎంత చేనుంది, డబ్బు ఏ నెలలో కావాలి అన్నవి అడగకుండా నేను అందరికీ ఒకే గీత గీశాను. ఇప్పుడు పాఠం చెప్పేముందు ఆ మూడూ అడుగుతున్నాను. పిన్ను సంగతి, ఫోనులో అప్పులిచ్చి దండుకునేవాళ్ల సంగతి, రసీదు లేకుండా డబ్బు ఇవ్వొద్దన్న సంగతి మునుపటిలాగే చెబుతున్నాను. వాటిలో తప్పేమీ లేదు. నా పిన్ను నా భార్యకు చెప్పాను. "ఇప్పుడు నాకెందుకు?" అంది గానీ రాసుకోకుండా గుర్తుపెట్టుకుంది.

మరుసటి ఏడు ఆ పిల్ల మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఖమ్మంలోనే ఇంకో కాలేజీలో సీటు వచ్చింది. సీటు ఇప్పిస్తానని ఒక బ్రోకరు ఫోను చేస్తే, రసీదు ఇస్తావా అని అడిగిందట. అతను ఫోను పెట్టేశాడట. ఫీజు రెండు కంతుల్లో కట్టుకోనిమ్మని ఆఫీసులో తనే మాట్లాడుకుంది. నేను తోడు వెళ్లి బయట బెంచీ మీద కూర్చున్నాను. డబ్బు ఆమె ఖాతాలోంచి, ఆమె చేత్తోనే వెళ్లింది.

వెళ్లే ముందు రోజు వాళ్లింటికి పోతే, సంచి సర్దుకుని అరుగు మీద దిగులుగా కూర్చుని ఉంది.

"ఏందమ్మాయ్, భయమా?"

"భయమెందుకు సార్. అమ్మ ఒక్కతే అయితది గదా. ఏరుడు వస్తుంది. నేను లేకపోతే మా ఇంటి బదులు ఎవలు పోతరు?"

ఆమెను ఆపుతున్నది ఫీజు కాదు, అదీ సంగతి. రెండు రోజులుగా ఆ ఇంట్లో అదే మాట నడుస్తోందని తల్లి ముఖం చూస్తే తెలుస్తోంది. పోయిన ఏడు నేను సున్నా వేసిన చోటే ఈ ఏడు ఆమె చదువు ఆగి ఉంది.

పక్కింటి పెద్దమ్మ అప్పటికి అక్కడే కూర్చుని చుట్ట కాల్చుకుంటోంది. "పెద్దమ్మా, ఈ పిల్ల జాగాలో మేం ఇద్దరం వస్తే ఒప్పుకుంటావా?" అని అడిగాను.

"చదువు ఎన్నేండ్లు?" అని పిల్లను అడిగింది.

"మూడు, పెద్దమ్మా."

"అమ్మగారైతే సరే. సారు మూడేండ్లు నిలుస్తడా అంట?"

"చూడు" అన్నాను.

"సరే. కని అర మనిషి అర మనిషే. పిల్ల లేదని ఎక్కువ రాయ" అంది పెద్దమ్మ. ఆమె దేనిలోనూ ఏమీ రాయదు. పిల్ల పకపకా నవ్వి, లేచి సంచి జిప్పు పెట్టేసింది. తెల్లారి మొదటి బస్సుకు వెళ్లిపోయింది.

ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది. పని రోజుల్లో మేమిద్దరం గూడెం పోతాం. తమ్ముడు మళ్లీ మాట్లాడుతున్నాడు. నన్ను ఒడితో చూసినప్పుడల్లా ఏదో ఒకటి అంటాడు, పడతాను. వేళ్లు కాస్త గట్టిపడ్డాయి. పని మాత్రం అంతగా మెరుగుపడలేదు. పెద్దమ్మ ఇంకా అర మనిషిగానే లెక్క కడుతోంది.

ఆదివారం సాయంత్రం ఖమ్మం నుంచి ఆ పిల్ల ఫోను చేస్తుంది. దవాఖానాలో డ్యూటీ సంగతులు తర్వాత చెబుతుంది. ముందు అడిగేది, "సార్, ఈ వారం ఎవలెవల చేనుకు పోయిండ్రు?" అని. నేను ఒక్కో ఇల్లూ గుర్తు తెచ్చుకుని చెబుతాను. ఏదైనా మరచిపోతే నా భార్య పక్కనుంచి అందిస్తుంది.